గాలివాటు గెలుపట!

చకర్‌భాటా స్టేషన్లో సాయంత్రాలు ఒక సిమెంటు బెంచీ మీద సభ జరుగుతుంది. ఎజెండా ఉండదు, కోరం అక్కర్లేదు. సభ్యులంతా రైల్వేలో చేసి దిగిపోయినవాళ్లు: డ్రైవర్లు, గార్డులు, సిగ్నల్ పనివాళ్లు. వాళ్ల తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం వచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయారు. మనవలు రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేసి, కొందరు ఇటువైపు చవగ్గా దొరికిన జాగాల్లో ఇళ్లు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, సందులో ఛత్తీస్‌గఢీ, సంతకం పెట్టే చోట హిందీ. కోర్బా నుంచి విశాఖ వెళ్లే బండి వేళ మటుకు ఏ ఒక్కరికీ మరుపు రాదు.

2025 జులై 29 సాయంత్రం ఆ సభలో ఒకటే మాట. ముందురోజు జార్జియాలోని బటూమీలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్ ముగిసింది. గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి మీద నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ గెలిచింది. నిజానికి మా ఊరివాళ్లకి ఇందులో ఏడవాలో నవ్వాలో తెలియని చిక్కు ఒకటుంది. హంపి భాష తరపున మనమ్మాయి. దివ్య లైను తరపున మనమ్మాయి. బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగపూర్ మూడు డివిజన్లు. నాగపూర్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్లు, అక్కడికి పిల్లనిచ్చినవాళ్లు ఆ బెంచీ మీదే ఉన్నారు. అయినా తీర్పు మాత్రం ఏకగ్రీవం. నేను మావయ్యగారూ అని పిలిచే పెద్దాయన చెప్పేశారు: "ఏటి గెలుపది? గాలివాటు. హంపి రేటింగెంత, ఆ పిల్ల రేటింగెంత! పదిసార్లు ఆడితే తొమ్మిదిసార్లు హంపిదే."

నేను ఆరోజు నోరెత్తలేదు. వయసులో పెద్దవాళ్లు, పైగా అంతా హంపి ఓడినందుకు బాధలో ఉన్నారు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అది ఆ ఒక్క బెంచీ మాటైతే రాయాల్సిన పనే లేదు. మన పత్రికల ఆటల పేజీ తిరగేయండి. చిన్న అంకె పెద్ద అంకెను ఓడిస్తే 'సంచలనం', 'షాక్', 'పసికూన చేతిలో కంగుతిన్న' అనే మూడు శీర్షికలు తప్ప నాలుగోది కనబడదు. ఆట ఎలా జరిగిందో ఒక్క ఎత్తు రాయరు. గెలిచినవాడు ఏం చూశాడు, ఓడినవాడు ఏం చూడలేదు అన్న ఊసే ఉండదు. గుడ్డిగా తాటిచెట్టు మీద కాకి వాలింది, పండు రాలింది. కాకతాళీయం. అంతే.

నేను దీన్ని ఖండిస్తున్నాను. మర్యాదగా కాకుండా గట్టిగానే ఖండిస్తున్నాను, ఎందుకంటే ఈ మాట అటు గెలిచినవాళ్లనీ ఇటు ఓడినవాళ్లనీ ఇద్దరినీ అవమానిస్తోంది.

ముందు లెక్కే చూద్దాం, మనవాళ్లకి లెక్క మీద గురి కదా. ఫైనల్ నాటికి క్లాసికల్ రేటింగులో హంపి 2543, దివ్య 2463. తేడా 80. రేటింగ్ పట్టిక తీసి 80 ఎదురుగా ఏముందో చూడండి: పెద్ద అంకెకి నూటికి 61 పాయింట్లు, చిన్న అంకెకి 39. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర అని కలిపిన లెక్క ఇది. పదికి తొమ్మిది ఎక్కడ? ఆ మాట నిజం కావాలంటే తేడా నాలుగొందల దగ్గర ఉండాలి. నూటికి 39 వంతులు చిన్న అంకెదని ఆ రేటింగే చెబుతుంటే, దాన్నే సాక్షిగా నిలబెట్టి ఆ గెలుపు కుదరదంటున్నాం. మన సాక్షి మన మీదే సాక్ష్యం చెప్పాడు, మనం వినలేదు.

ఈ కొలత కనిపెట్టినవాడు ఆర్పాడ్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడి, మిల్వాకీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన మాస్టారు, తనూ మంచి ఆటగాడే. 1960లో అమెరికా చెస్ సంఘం, 1970లో ప్రపంచ సంఘం ఫిడే ఆయన పద్ధతిని తీసుకున్నాయి. ఆయన పద్ధతికి పునాది ఏమిటంటే, ఏ మనిషీ రోజూ ఒకేలా ఆడడు. ఒక్కో ఆటగాడి ఆట ఒక సగటు చుట్టూ కిందకీ పైకీ ఊగుతుంది. ఇద్దరి ఊగిసలాటలూ ఒకదానిలోకొకటి చొరబడే చోట చిన్న అంకె గెలుస్తుంది. అంటే ఆ గెలుపు సూత్రంలో పడిన చిల్లేమీ కాదు, సూత్రాన్ని కట్టిన ఇటుకల్లోనే అదొకటి. ఆ మాస్టారే తన పనిని ఎలా పోల్చాడంటే, అలల మీద ఎగిరెగిరి పడే బెండుముక్క ఎక్కడుందో, గాలికి ఊగే తాడుకి కట్టిన గజంబద్దతో కొలవడం లాంటిదని. కనిపెట్టినవాడికి ఉన్న వినయం మన బెంచీకి లేకపోయింది.

దీనికి బెంచీ దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు నాకు తెలుసు. "రెండు క్లాసికల్ గేములూ డ్రాయే కదా, టైబ్రేకులో కదా ఓడింది, ర్యాపిడ్ అంటే లాటరీ." ఈ వాదన చేసేవాళ్లు హంపి పట్ల అభిమానంతో చేస్తున్నారు గానీ హంపి సంగతి మర్చిపోయి చేస్తున్నారు. ఆ రోజున ర్యాపిడ్‌లో మహిళల ప్రపంచ ఛాంపియన్ ఎవరు? హంపే! 2019లో మాస్కోలో ఒకసారి, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో రెండోసారి ఆ కిరీటం గెలిచింది. ర్యాపిడ్ లాటరీ అయితే ఆ రెండు కిరీటాలూ లాటరీ టికెట్లే. ర్యాపిడ్ విద్య అయితే బటూమీలో దివ్యదీ విద్యే. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లో గెలిచినప్పుడు విద్య, వీధిలో ఓడినప్పుడు లాటరీ అంటే కుదరదు. అన్నట్టు, న్యూయార్క్‌లో హంపి మొదటి రౌండే ఓడిపోయి, అక్కడి నుంచి పైకి వచ్చి ఛాంపియన్ అయింది. ఓటమిని గాలివాటు అని తుడిచేసుకుని కూర్చునే మనిషైతే ఆ మిగతా పది రౌండ్లు అలా ఆడేది కాదు.

ఇక టైబ్రేకులో ఏం జరిగింది? మొదటి ర్యాపిడ్ గేము డ్రా. రెండోది నల్లపావులతో దివ్య గెలిచింది. గడియారం తరుముతుండగా హంపి తప్పు ఎత్తులు వేసింది, దివ్య వాటిని పట్టుకుంది. "చూశారా, హంపి తప్పు చేయబట్టే" అంటారు. చదరంగంలో ఎవరో ఒకరు తప్పు చేయకుండా ఎవరైనా ఎప్పుడైనా గెలిచారా? రెండువైపులా తప్పు లేకపోతే అది డ్రా. గెలుపు అనే పదార్థమే ఎదుటివాడి తప్పుతో తయారవుతుంది. తప్పు తనంతట తాను చెట్టున కాయదు. గంటల తరబడి కష్టమైన ప్రశ్నలు వేసి, టైము తినిపించి, చివరికి ఎదుటివాళ్ల చేత ఆ తప్పు చేయించడమే ఆట. గడియారం కూడా బల్ల మీదే ఉంటుంది, ముప్పై రెండు పావులకి తోడు ముప్పై మూడోదిలా. దాన్ని బాగా నడిపినవాళ్లు గెలిస్తే అది బయటి సాయం ఎలా అవుతుంది?

పైగా దివ్య దారిలో హంపి ఒక్కర్తే లేదు. ఆ టోర్నమెంటులో దివ్య పదిహేనో సీడు. రెండో సీడు, చైనా జు జినర్‌ని దాటింది. గుంటూరు ద్రోణవల్లి హారికని దాటింది. మాజీ మహిళా ప్రపంచ ఛాంపియన్ తాన్ ఝోంగ్యీని దాటింది. ఆ తర్వాత హంపి. ఒకసారి గాలి వీచిందంటే నమ్ముతాను. ఒకే మనిషి వెనక నాలుగు మ్యాచుల పాటు, మూడు వారాల టోర్నమెంటులో, ఒకేవైపు వీచే గాలి ఏ వాతావరణ కేంద్రం చెప్పిన గాలి? 'పసికూన' అన్న పత్రికలకి ఇంకో మాట. 2024లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ ఆ అమ్మాయిదే. అదే ఏడు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత మహిళల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణమూ ఆమెదే. కోడిపిల్ల ఇంత పొడవు కూత కూస్తే ఇంకా పసికూన అంటామా?

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక నియమం. మామూలుగా గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మూడు నార్ములు కావాలి, రేటింగ్ 2500 దాటాలి. దివ్యకి ఆ రోజుకి 2500 లేదు, ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మూ లేదు. అయినా ఆ కప్పు గెలవగానే నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది, ఎందుకంటే ఫిడే రూలే అలా ఉంది. రేటింగులు లెక్కగట్టే కార్యాలయమే తన పుస్తకంలో ఒక పేజీ తిప్పి, ఇక్కడ నా అంకె కన్నా ఈ గెలుపు పెద్దది అని రాసిపెట్టుకుంది. మనం మాత్రం ఆ కార్యాలయానికి మించిన గుమస్తాలం.

ఇప్పుడు మన రెండు నాల్కల సంగతి. 2025 జూన్ మొదటి రోజున నార్వేలో గుకేశ్ క్లాసికల్ గేములో మాగ్నస్ కార్ల్‌సన్‌ని ఓడించాడు. కార్ల్‌సన్ బల్ల గుద్దిన గుద్దుకి పావులు ఎగిరిపడ్డాయి. ఆ వీడియో చూడని తెలుగు ఇల్లు లేదు. ప్రపంచ ఛాంపియన్ అయినా గుకేశ్ రేటింగ్ కార్ల్‌సన్ కన్నా తక్కువే. పైగా ఆ గేములో చాలాసేపు గుకేశ్‌ది ఓడిపోయే స్థితి. గాలివాటు అనడానికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఒక్కరైనా అన్నారా? లేదు. చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లబ్బాయి కాబట్టి అది 'పట్టుదల', 'చివరి దాకా వదలని తత్వం'. అదే ఏడు సెప్టెంబరులో సమర్‌కండ్‌లో గుకేశ్ మీద అభిమన్యు మిశ్రా గెలిచాడు. గుకేశ్ రేటింగ్ 2767, ఆ పదహారేళ్ల అమెరికా కుర్రాడిది 2611. అప్పుడు మళ్లీ మొదలు: గుకేశ్‌కి ఒంట్లో బాలేదేమో, నిద్ర లేదేమో, వాడికి అదృష్టం తగిలింది. పన్నెండేళ్ల నాలుగు నెలల ఇరవై అయిదు రోజులకే గ్రాండ్‌మాస్టరై ప్రపంచ రికార్డు నెలకొల్పిన పిల్లాడికి అదృష్టం తగలాలా? మనవాడు కింద నుంచి గెలిస్తే పట్టుదల, ఎదుటివాడు కింద నుంచి గెలిస్తే గాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని మనమే వెక్కిరిస్తాం. ఇక్కడ ఆడేవాళ్లు బాగానే ఆడుతున్నారు, మద్దెల మీద నెపం పెట్టేది చూసేవాళ్లు.

సరే, ఎదుటివైపు బలమైన మాట కూడా ఒకటుంది, దాన్ని దాటేసి పోను. "అయితే రేటింగుకి అర్థమే లేదంటావా?" అని. అననే అనను. 2024 చివర సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ చూడండి. గుకేశ్ 2783, ప్రత్యర్థి డింగ్ లిరెన్ 2728. తేడా 55, పట్టిక ప్రకారం గుకేశ్‌కి నూటికి 58. పద్నాలుగు గేములకి ఎనిమిది పాయింట్లు, డింగ్‌కి ఆరు కన్నా కాస్త తక్కువ. జరిగిందేమిటి? 7.5–6.5. అంకె ఎంత దగ్గరగా చెప్పిందో చూశారా! కానీ ఆ ఆరున్నరలో డింగ్ నికరంగా గెలిచిన గేములు రెండున్నాయి, మొదటిదీ పన్నెండోదీ. మొదటి గేము నల్లపావులతో గెలిచాడు. ఆ రెండు గెలుపులు గాలివాటని తీసి పక్కన పెడితే అంకె చెప్పిన జోస్యమే తప్పుతుంది. చిన్న అంకె గెలుపులు లేకుండా రేటింగే నిలబడదు. వాన లెక్కలాంటిది. ఈ ఏడు సగటు వర్షపాతం ఇంత అని చెప్పొచ్చు; ఆ సగటు చూపించి, నిన్న మీ పెరట్లో పడ్డ జల్లు నిజం వాన కాదంటే ఒళ్లు తడిసినవాడు ఊరుకుంటాడా?

అదృష్టం అసలు లేనే లేదని కూడా అనను. అదే సింగపూర్‌లో చివరి గేము, డ్రా దిశగా పోతున్న ఆట, యాభై అయిదో ఎత్తులో డింగ్ తన ఏనుగుని ఎఫ్2 గడికి జరిపాడు. ఏనుగులు మారిపోయాయి, దాని వెనకే శకటాలూ మారక తప్పలేదు, మిగిలిన బంట్ల ఆటలో ఒక బంటు ఎక్కువున్న గుకేశ్ గెలిచాడు. అలాంటి క్షణాలుంటాయి. కానీ గమనించండి, అక్కడ ఆ వరం దక్కింది పెద్ద అంకెకి. పెద్ద అంకెలు కూడా ఎదుటివాళ్ల పొరపాట్ల మీదే బతుకుతాయి, రోజూ. అప్పుడు మాత్రం ఎవరూ గాలివాటు అనరు, 'అనుభవం' అంటారు.

ఈ దృష్టి మనకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, నేనూ రైల్వే కాలనీ గాలి పీల్చి పెరిగినవాణ్నే. రైల్వేలో సీనియారిటీ లిస్టు అని ఒకటుంటుంది. నోటీసు బోర్డు మీద అంటిస్తే క్వార్టర్లన్నీ గుమిగూడి చూసేవి. పేరు ఏ నంబరు మీద ఉందో ఆ మనిషి విలువ అంత. డిపార్టుమెంటు పరీక్ష రాసి వెనక నంబరువాడు ముందుకెళితే అందరి నోటా ఒకటే: "వాడికెవరో ఉన్నారు." అటు ఆంధ్రలో ఉన్న చుట్టాలిళ్లలో ఇదే జబ్బుకి ర్యాంకు అని పేరు. ఎంట్రన్స్ పరీక్షలో పిల్లాడి ర్యాంకు పెళ్లి సంబంధాల దాకా వెంటబడుతుంది. ఒకసారి పడిన అంకె ఒంటికి పచ్చబొట్టు. ఆ కళ్లద్దాలే పెట్టుకుని చదరంగం చూస్తున్నాం. అందుకే రేటింగ్ మనకి నిన్నటిదాకా ఆడిన ఆటల పద్దులా కనబడక, దేవుడు నుదుట రాసిన రాతలా కనబడుతోంది.

అది రాత కాదు, చెరపగలిగే పెన్సిల్ గీత. రుజువు కావాలా? 2024 మార్చి 1న ఫిడే ఒక పని చేసింది. 2000 కన్నా తక్కువ రేటింగున్నవాళ్లందరి అంకెలూ ఒక్క రాత్రిలో పెంచేసింది. 1000 ఉన్నవాడికి 1400. 1500 ఉన్నవాడికి 1700. 1900 ఉన్నవాడికి 1940. కింద ఉన్నవాళ్లకి ఎక్కువ, పైనున్నవాళ్లకి తక్కువ. ఎందుకంటే చిన్న పిల్లలు వేగంగా నేర్చుకుంటున్నారు, అంకెలు వాళ్ల వెనక కుంటుతున్నాయి, పట్టిక చెప్పినదానికీ బల్ల మీద జరిగేదానికీ పొంతన తప్పింది. ఫిబ్రవరి 29న 1000 ఉన్న పిల్లాడు మర్నాడు పొద్దున 1400తో లేచాడు. రాత్రికి రాత్రి వాడి బుర్రలో ఏం పెరిగింది? ఏమీ పెరగలేదు. ఫిబ్రవరి నెలలో వాడి చేతిలో ఓడిన 1500 వాడు "గాలివాటు" అని ఇంటికెళ్లి చెప్పుకున్నాడే, వాడి సంగతేమిటి? మార్చి ఒకటో తారీకున వాడి ఓటమి గాలివాటు నుంచి మామూలు ఓటమికి ప్రమోషన్ పొందిందా?

దీనికన్నా సూక్ష్మమైన ఒప్పుకోలు ఆ సూత్రంలోనే ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి, 2300 లోపు ఉన్నంత కాలం, ఒక్కో గేముకి రేటింగ్ కదిలే గుణకం 40. ఒకసారి 2400 చేరినవాళ్లకి 10. అంటే ఏమిటి? ఈ పిల్లాడి అంకె మీద మాకు నమ్మకం తక్కువ, త్వరగా మార్చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాం అని సూత్రమే చెబుతోంది. 1500 ఉన్న పిల్లాడు 1900 మీద గెలిస్తే దాదాపు 37 పాయింట్లు ఒక్క దెబ్బకి చేరతాయి. గాలివాటుకి ఎవరైనా ఇంత కూలి ఇస్తారా? సూత్రం ఆ గెలుపుని వార్తగా తీసుకుంది. ఈ పిల్లాడి గురించి మనకి తెలియనిదేదో ఉంది, పద్దు సరిచేసుకుందాం అనుకుంది.

మా వైపు పిల్లల విషయంలో ఇది మరీ నిజం. పెద్ద నగరంలో పిల్లాడు నెలకో రేటింగ్ టోర్నమెంటు ఆడతాడు, వాడి అంకె వాడి వెంటే నడుస్తుంది. చకర్‌భాటా పిల్లాడు ఏడాదిలో రాయ్‌పూర్‌కి ఒకసారి, నాగపూర్‌కో భువనేశ్వర్‌కో ఇంకోసారి వెళ్తే గొప్ప. వేసవి సెలవుల్లో విశాఖలో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు అక్కడేమైనా కుదిరితే కుదిరినట్టు. మధ్యలో వాడు ఫోన్లో వేలకొద్దీ గేములాడతాడు, పజిళ్లు చేస్తాడు, ముందరి తరాలకి పుస్తకం దొరకని ముగింపు ఆటలు కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకుంటాడు. వాడి ఆట పెరిగింది, అంకె పెరగలేదు. తర్వాత ఒకరోజు వాడు ఎవరినో కొడతాడు. అవతల నగరం తండ్రి నిర్ఘాంతపోతాడు. ఆయన చూసింది ఏడాది కిందటి ఫోటో, కొట్టింది ఇవాళ్టి పిల్లాడు.

అసలు ఈ టోర్నమెంట్లు నడిచే స్విస్ పద్ధతిలో మొదటి రౌండు జతలే చిన్న అంకెకి పెద్ద అంకె ఎదురయ్యేలా వేస్తారు. వందమంది వస్తే రేటింగ్ వరసలో పై యాభై ఒకవైపు, కింది యాభై ఒకవైపు. ఒకటో నంబరుకి యాభై ఒకటో నంబరు, రెండుకి యాభై రెండు. కింది సగంలో ఉన్న ప్రతి పిల్లాడికీ మొదటి పూటే పెద్దపులి. ఆ జతల చీటీ గోడకి అంటించగానే జరిగే తంతు చూడాలి. తండ్రి వేలు పెట్టి పిల్లాడి పేరు వెతుకుతాడు, పక్క గడిలో అంకె చూస్తాడు, "సర్లే, ఈ రౌండు పోయింది, రెండోది చూసుకుందాం" అంటాడు. పిల్లాడింకా కుర్చీలో కూర్చోలేదు. ఆట మొదలవకముందే ఒక పాయింటు ఇంటివాళ్లే అవతలివాడికి రాసిచ్చేశారు. ఇలాంటి పిల్లలు గెలిచే స్థితిలో ఉండి కూడా డ్రా అడగడం నేను చూశాను. ఎదుటి అంకె అంతది కదా, ఇంతకన్నా ఆశ పడకూడదేమో అని.

అవతలి గదిలో ఇంకో ఘోరం. పెద్ద అంకె పిల్ల ఓడి బయటికొస్తుంది. అప్పటికే కళ్లలో నీళ్లు. "వాడి చేతిలో ఓడతావా? వాడి రేటింగెంత?" అని తల్లో తండ్రో అందరి ముందూ అడుగుతారు. ఏ ఎత్తు దగ్గర తేడా వచ్చిందమ్మా అని అడిగేవాళ్లు నూటికొక్కరు. ఆ పిల్లకి అప్పుడు తెలిసేదేమిటంటే, తను చదరంగం ఆడటం లేదు, ఒక అంకెకి కాపలా కాస్తోంది. కాపలా కాసేవాళ్లు కింద అంకెలతో ఆడటానికి భయపడతారు, టోర్నమెంట్లు తప్పించుకుంటారు, డ్రాలు అడుక్కుంటారు. హన్మకొండ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2800 దాటాడు, భారతదేశంలో ఆనంద్ తర్వాత రెండోవాడు. కింద అంకెలు దండిగా ఉండే ఓపెన్ టోర్నమెంట్లు కూడా ఆడుతూ ఎక్కిన మెట్లవి. ఆ ఎత్తులో ఉన్నవాడు 2600 వాడితో ఉత్త డ్రా చేసుకున్నా రెండున్నర పాయింట్లకి పైగా పోతాయి. చిన్న అంకె గెలుపు కాకతాళీయమని నమ్మే మనిషైతే ఆ బోర్డు ముందు నిర్లక్ష్యంగా కూర్చుని ఎప్పుడో జారిపోయేవాడు. కింది అంకెకి భయపడాల్సిన అవసరం లేదు గానీ దాన్ని నమ్మాల్సిన అవసరం ఉందని పైనున్నవాళ్లకి బాగా తెలుసు. తెలియనిది ప్రేక్షకులకి.

ఇంకో తియ్యటి అబద్ధం ఉంది, అది మెచ్చుకోలు వేషంలో వస్తుంది. "చిన్న అంకెవాళ్లకి పోయేదేముంది, భయం లేకుండా ఆడతారు, అందుకే గెలుస్తారు." బటూమీలో చివరి గేము అయ్యాక దివ్య తల్లిని పట్టుకుని ఏడ్చిన ఏడుపు చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. పోయేదేమీ లేని పిల్ల అలా ఏడవదు. పోయేది ఆ పిల్లకే ఎక్కువ. పెద్దవాళ్లకి మళ్లీ పిలుపు వస్తుంది, చిన్నవాళ్లకి అవకాశం ఎన్నేళ్లకో. భయం లేకపోవడం కాదది, భయం కడుపులో పెట్టుకుని సరైన ఎత్తు వెతకడం. దాన్ని అమాయకత్వంగా మార్చేసి, ఆ చాకిరీ అంతా లెక్కలోంచి కొట్టెయ్యడం గాలివాటు వాదానికి చుట్టరికం.

హంపి అభిమానులకి, అంటే నాకూ, చివరిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2002లో హంపి గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు వయసు పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజులు. మహిళల్లో జుడిట్ పోల్గార్ పేరిట ఉన్న వయసు రికార్డు చెరిపేసింది. గ్రాండ్‌మాస్టర్ నార్ము రావాలంటే కనీసం తొమ్మిది గేముల టోర్నమెంటులో 2600 స్థాయి ఆట చూపించాలి. హంపి రేటింగ్ 2600 దాటింది 2007లో. అంటే ఆ పదిహేనేళ్ల గుడివాడ పిల్ల తన అంకె కన్నా పై స్థాయిలో ఆడి, ఎదుటివాళ్లని పడగొడితేనే ఆ బిరుదు వచ్చింది. ఆ పడిపోయినవాళ్ల దేశాల్లోనూ ఏదో స్టేషన్లో ఏదో బెంచీ మీద పెద్దాయన ఒకాయన ఆ రోజు గాలివాటు అనే ఉంటాడు. ఆయన మాట నిజమైతే మనం 2002 నుంచీ ఛాతీ విరుచుకుని చెప్పుకుంటున్న బిరుదు ఉత్త గాలి మూట. దివ్యని గాలివాటు అన్న నోటితో హంపిని గొప్పది అనడానికి దారి మూసుకుపోతుంది. ఒకటే తలుపు అది, లోపలికీ బయటికీ.

ఈ వాదనంతా మావయ్యగారి ముందు ఇంత వరసగా చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా, నాలుగైదు సాయంత్రాల మీద చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "లెక్కలు బాగానే సెప్పావు గానీ హంపి హంపేరా" అన్నారు. అది లెక్కకి అందే మాట కాదు, నేనూ కాదనలేదు.

మొన్న ఆయన మనవడు టోర్నమెంటుకి వెళ్తుంటే స్టేషన్ దాకా వెంట వచ్చారు. బిలాస్‌పూర్ వైపు నుంచి మెము రావాలి, ఇంకా రాలేదు. మొదటి రౌండు జతలు పిల్లాడి ఫోన్‌కి అప్పుడే వచ్చాయి. ఆయన కళ్లజోడు వెతుక్కుంటూ అడిగారు, "ఎవడ్రా అవతలోడు? రేటింగెంత?"

పిల్లాడు తెర మీద వేలితో పైకీ కిందికీ జరుపుతున్నాడు. "అది సూడలేదు తాతా. నాకు నల్లవి వొచ్చాయి."